పూర్ణా మార్కెట్‌లో మూడు పొయ్యిల విచారణ

1982లో నన్ను విశాఖపట్నం పాత టౌను సర్కిల్‌కి అసిస్టెంట్ కమర్షియల్ టాక్స్ ఆఫీసరుగా వేశారు. హోదా పేరు పొడుగే గాని అధికారం పొట్టిది. దుకాణాలకు వెళ్లి లెక్కలు చూడటం, విచారించి రిపోర్టు రాయడం నా వంతు. తగాదా ఉన్న కేసుల్లో ఉత్తర్వు మీద సంతకం మాత్రం పైనున్న కమర్షియల్ టాక్స్ ఆఫీసరుది. కృష్ణా జిల్లా నుంచి వచ్చిన నాకు అక్కడి మాట చెవికి ఎక్కడానికే కొన్నాళ్లు పట్టింది.

అమ్మకం పన్నులో చిన్న వ్యాపారికి ఒక వెసులుబాటు ఉండేది. ఏడాది మొత్తం అమ్మకం, అంటే టర్నోవరు, చట్టం పెట్టిన హద్దు లోపల ఉంటే పన్ను లేదు. చిక్కల్లా ఉమ్మడి కుటుంబాలతోనే. అన్నదమ్ములు చేసేది ఒకే వ్యాపారమని తేలితే అందరి అమ్మకాలూ కలిపి చూడాలి. ఎవరి వ్యాపారం వారిదైతే ఎవరి లెక్క వారిదే.

పూర్ణా మార్కెట్‌లో అప్పలరాజుకీ అతని ఇద్దరు తమ్ముళ్లకీ పక్కపక్కనే కొట్లుండేవి. పెద్దవాడిది అల్యూమినియం సామాన్లు, రెండోవాడిది తాళ్లూ గోనెసంచులూ, మూడోవాడిది లాంతర్లూ రేకు బకెట్లూ. మూడింటి మీదా పోయిన తండ్రి పేరే బోర్డు. ఉక్కు కర్మాగారం పనులకు కూలీలు దిగడంతో బేరాలు పెరిగాయి. విడిగా చూస్తే ఏ కొట్టూ హద్దు దాటలేదు, కలిపితే దాటింది. బోర్డు ఒకటే కాబట్టి మూడు కొట్ల అమ్మకాలూ కలిపి పన్ను కట్టమని మా ఆఫీసు నోటీసిచ్చింది. ఆ పన్ను పడితే లాంతర్ల కొట్టు మూసుకోవలసిందే, దాని మీద మిగిలేది అంత తక్కువ. విడిగా లెక్కకట్టమని ముగ్గురూ అర్జీ పెట్టుకుంటే, విచారించి రమ్మని మా ఆఫీసరు నన్ను పంపారు. ఆయన అనుమానం మనిషి. నటన కనబడిందంటే అర్జీ కొట్టేస్తానని ముందే చెప్పారు.

అప్పలరాజు నన్ను కొట్టు దగ్గర నిలబడనివ్వలేదు. "ముందు ఇంటికి రండి బాబూ, అక్కడే తేలిపోతాది" అంటూ మార్కెట్ వెనక సందులోకి లాక్కుపోయాడు. పెరట్లో వరసగా మూడు మట్టి పొయ్యిలు. రెండింటి మట్టి ఇంకా తడి ఆరలేదు. ఒక్కో పొయ్యి దగ్గర ఒక్కో కోడలు, ఒకరి మొహం ఒకరు చూడకుండా కూర్చుని ఉన్నారు.

"ఏరుపడిపోనాం బాబూ, సూసుకోండి" అన్నాడు అప్పలరాజు గంభీరంగా.

సంగతేమిటంటే, సబ్బవరం అవతల వాళ్ల సొంతూళ్లో అన్నదమ్ములు వేరుపడ్డారా లేదా అని తేల్చడానికి పెద్దమనుషులు వచ్చి ముందు పొయ్యిలు చూస్తారట. గవర్నమెంటు పెద్దమనిషిగా నేనూ ఆ పనిమీదే వస్తున్నానని వాళ్ల నమ్మకం.

సరే, చూశాను. మొదటి పొయ్యి మీద గుండిగెడు అన్నం, ఇంటిల్లిపాదికీ సరిపోయేంత. రెండోదాని మీద చేపల పులుసు. మూడోదాని మీద వంకాయ కూర. ఈ లెక్కన ఒక కాపురం వాళ్లు ఉత్త అన్నం తినాలి, ఇంకొకరు పులుసు తాగి పడుకోవాలి. పులుసు మీదేనా అని పెద్దకోడల్ని అడిగాను. "నాది కాదు బాబూ, సెల్లిది. నాకు అన్నం పడింది" అంది. రెండో కోడలు ఫక్కున నవ్వేసింది. నేనూ ఆపుకోలేకపోయాను.

నవ్వనిది తల్లి పైడమ్మ ఒక్కతే. "నాను బతికుండగా ఈ ఇంట్లో రెండో పొయ్యి ఎలగదనుకున్నాను బాబూ. సిన్నోడి కొట్టు నిలబడతాదంటే ఒప్పుకున్నాను. మీరెల్లిపోనాక కూడా ఇలాగే వండుకోవాలేటి?" అంది. ఆమె కళ్లు ఎర్రబడి ఉన్నాయి. నా నవ్వు ఆగిపోయింది, ఆమెను చూస్తే జాలేసింది.

చట్టానికి పొయ్యితో పనిలేదని అక్కడే చెప్పాను. సరుకు ఎవరు కొంటున్నారు, పెట్టుబడి ఎవరిది, గల్లాపెట్టె ఎవరిది, ఇవే మేము చూసేవి. వంట ఒకచోటైనా, పదిచోట్లైనా మాకు ఒకటే అన్నాను. "ఈ మాట ముందే సెప్తే ఏటి పోయింది బాబూ? మట్టి మోసి నా నడుం ఇరిగిపోనాది" అన్నాడు మూడోవాడు.

తిరిగి కొట్లకు వచ్చాం. హోల్‌సేల్ బిల్లులు ఎవరి పేరున వారివే, గల్లాలూ మూడు. అయినా పొయ్యిలు చూశాక నాకూ కొంచెం అనుమానం మిగిలింది. అంతలో పెద్ద బేరమొకటి తగిలి, గిన్నెలు కట్ట కట్టడానికి అప్పలరాజుకు తాడు కావలసి వచ్చింది. తమ్ముడి కొట్లోంచి లాక్కుంటాడనుకున్నాను. బేరమాడాడు!

"ఏట్రా, అన్నకి కూడా అదే రేటా?"

"ఇంట్లో అయితే అన్నవి. ఇక్కడ కొనేవోడివి" అన్నాడు తమ్ముడు, చెయ్యి చాపి.

డబ్బు చేతిలో పడ్డాకే తాడు తెగింది. నేనక్కడ ఉన్న సంగతి ఆ క్షణాన ఇద్దరికీ గుర్తులేదు.

రిపోర్టులో తాడు బేరం రాశాను, తడి పొయ్యిలూ రాశాను. పొయ్యిల సంగతి మీరెందుకు రాశారు, ఎవరడిగారు అన్నారు మా ఆఫీసరు. ఎవరో ఆకాశరామన్న రేపు అదే రాసి పంపితే నటనలా కనిపిస్తుందని, నేను రాస్తే కారణం కూడా పక్కనే ఉంటుందని చెప్పాను. ఆయన మళ్లీ మొదటినుంచి చదివారు. వంకాయ కూర దగ్గర కళ్లజోడు తీసి, చాలాసేపు నవ్వారు. ముగ్గురివీ వేర్వేరు వ్యాపారాలేనని, పన్ను లేదని ఉత్తర్వు ఇచ్చారు.

ఆ ఉత్తర్వు కోసం పైడమ్మ ఆగలేదట. నేను సందు మలుపు తిరగ్గానే గునపం పట్టి రెండు పొయ్యిలూ తనే పడగొట్టిందని అప్పలరాజు తరవాత చెప్పాడు.

ఆ కేసు నుంచి నాకొక అలవాటు వచ్చి, రిటైరయ్యేదాకా ఉండిపోయింది. ఏ మినహాయింపు గురించి అడిగినా, దానికోసం ఏం చెయ్యాలో చెప్పేముందు ఏం చెయ్యక్కర్లేదో చెప్పేవాణ్ణి. చెయ్యవలసినవి రూల్సు పుస్తకంలో ఉంటాయి. అక్కర్లేనివి ఏ పుస్తకంలోనూ ఉండవు, ఎదురుగా కూర్చున్న అధికారే చెప్పాలి.