నా కోపానికి గ్లూకోజు

మూర్ఖులంటే నాకు చిన్నప్పటి నుంచీ పడదు. ఉక్కునగరంలో కాపురముంటూ ప్లాంటులో మూడు షిఫ్టులూ చేశాను, ఏ షిఫ్టులోనూ వాళ్లకు కొదవ లేదు. మొహం మీదే కడిగెయ్యడం నా పద్ధతి. ఒకప్పుడు దాన్ని నా స్వభావం అనేవారు. ఇప్పుడు రోగలక్షణం అంటున్నారు.

ఇన్సులిన్ మొదలెట్టిన కొత్తలో షుగరు పడిపోతుంటే ఒళ్లు ముందే చెప్పేది. చెమటలు పట్టేవి, చేతులు వణికేవి, ఆకలి దంచేసేది. నాలుగు గ్లూకోజు బిస్కెట్లు నమిలితే సర్దుకునేది. ఏళ్లు గడిచేసరికి ఆ చెమటా వణుకూ రావడం మానేశాయి. షుగరు చూసే మిషను నలభై ఎనిమిది చూపిస్తుంటే నేను కాలు మీద కాలేసుకుని పేపరు చదువుతున్నాను. ఇక షుగరు పడిపోయినా మీకు తెలియదు, ఇంట్లోవాళ్లే కనిపెట్టుకుని ఉండాలన్నాడు డాక్టరు. ఇంట్లోవాళ్లంటే మా ఆవిడ. ఆవిడ వారం తిరక్కుండా కనిపెట్టేసింది. షుగరు పడిపోయినప్పుడు నేను మామూలు కంటే ఎక్కువ తిడతానట.

మామూలెంతో, ఎక్కువెంతో తేల్చేది కూడా ఆవిడే. అప్పటి నుంచి నా కోపం నాది కాకుండా పోయింది. పాలల్లో నీళ్లు పోసినవాణ్ని నిలదీస్తే నా నోట్లో బిస్కెట్టు. టీవీలో అడ్డంగా వాగే పెద్దమనిషిని తిడితే నా చేతిలో పంచదార నీళ్లు. ఇదెక్కడి దిక్కుమాలిన వైద్యమో నాకర్థం కాదు.

ఒక ఆదివారం చేపలకని బస్సెక్కి జాలరిపేట వెళ్లాం. ఒకామె మొప్పలు నల్లబడిన వంజరం చూపించి ఇప్పుడే ఒడ్డుకొచ్చిందంది. నేను వాసన చూసి, అందుకు తగ్గట్టు నోరు తెరిచాను. తెరిచిన నోట్లో మా ఆవిడ బిస్కెట్టు కుక్కింది.

"ఈయనకి సుగరమ్మా, ఏటీ అనుకోకు" అంది ఆమెతో.

"అయ్యో పాపం, మా ఆయనకీ ఇదే రోగం. తిననీయమ్మా. ఈ సేపట్టుకెల్లి పులుసెట్టు, నోటికి బాగుంతాది."

చేప సంచిలో పడింది. పక్కకొచ్చి వేలు పొడిచి చూస్తే నూట ముప్పై. అంటే నా తిట్టు నిఖార్సైన తిట్టు. చేప కుళ్లిందన్నదీ నిఖార్సే, ఇంటికొచ్చాక దాన్ని పిల్లి కూడా ముట్టలేదు. మా ఆవిడ మాత్రం ముందుజాగ్రత్త మంచిదే కదండీ అంది.

ఇక మా బావమరిది. నాకు తెలిసిన వెధవల్లో వాడిదే మొదటి స్థానం. స్థలాల బ్రోకరు. ఫోనులో వచ్చిన ప్రతి చిట్కా నమ్ముతాడు, వచ్చినప్పుడల్లా ఏదో ఒక పొడి తెస్తాడు. "బావా, ఈ నేరేడు గింజల పొడి తాగి సూడు, ఇన్సులిన్ పారేత్తావు" అంటాడు. నేను అనాల్సింది అంటాను. మా ఆవిడ బిస్కెట్ల డబ్బా కోసం లేస్తుంది.

ఒక మధ్యాహ్నం, ఇంకా భోజనాలకు లేవకముందు, వాడు మెంతుల మహిమ మొదలెట్టాడు. నేను శ్రద్ధగా విన్నానట. వాడి భుజం తట్టి, "నువ్వు బంగారంరా, నామీద నీకున్న ప్రేమ ఎవడికుంది" అన్నానట. వాడికి కళ్లల్లో నీళ్లు తిరిగాయట. మా ఆవిడ కొంగుతో కళ్లొత్తుకుందట. నేను నవ్వుతూనే కుర్చీలోంచి జారిపోయానట. నాకు గుర్తున్నది ఆ తర్వాత ఆస్పత్రిలో సెలైను సీసా ఒక్కటే. ఆటో దాకా నన్ను భుజాన మోసుకెళ్లింది కూడా ఆ వెధవే. ఆ అవమానం ఇంకా అరగలేదు.

మంచం పక్కన కూర్చుని మా ఆవిడ తలకొట్టుకుంది. "మా తమ్ముణ్ని మెచ్చుకున్నప్పుడే నాను మిషను తేవాల్సింది. నా బుర్ర పనిసెయ్యనేదు."

అప్పటి నుంచి తిట్టినా పరీక్షే, మెచ్చుకున్నా పరీక్షే. కూర బాగుందంటే చాలు, సూది బయటికొస్తుంది. భయం లేదని కోతలు కొయ్యను. నాకు చెప్పకుండా నేనే ఎటో వెళ్లిపోతున్నానంటే భయం కాక ఏముంటుంది? కానీ ఏ మాట నాదో, ఏ మాట షుగరుదో అగ్గిపెట్టెంత మిషను తేల్చడం మాత్రం నాకు మింగుడు పడదు.

మొన్న సాయంత్రం వరండాలో కూర్చుని ఆవిడ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. నిద్రలో నాకు షుగరు పడిపోతుందేమోనని తను సరిగ్గా నిద్రపోక కళ్ల కింద నల్లబడింది. చూస్తుంటే గుండె నీరైపోయింది.

"నువ్వు లేకపోతే నాను ఎప్పుడో పోయేవాణ్ని" అన్నాను. మా కాపురంలో అలాంటి మాట నా నోట రావడం అదే మొదలు.

ఆవిడ కంగారుగా చేట కింద పెట్టి లోపలికి పరిగెత్తింది. మిషను తెచ్చింది. వేలిచ్చాను. నూట పద్దెనిమిది.

"బాగానే ఉంది కదండీ!" అంది అయోమయంగా.

"బాగానే ఉంది. ఆ మాట నాదే."

ఆవిడ నా మొహంలోకి కాసేపు చూసింది. మిషను పాడైందేమోనని ఇంకో వేలు పట్టుకుంది.