బాయిలరమ్మ తోడికోడలు

ఈత కొట్టడానికి వచ్చేవాళ్లెవరికీ ఆమె అసలు పేరు తెలియదు. అందరికీ ఆమె బాయిలరమ్మే. మున్సిపాలిటీ ఈతకొలను కింద, నేలమాళిగ గదిలో, నూనెతో మండే పాత బాయిలరును నడపడం ఆమె ఉద్యోగం. తెల్లవారకముందే వచ్చి వెలిగించేది. మంట చప్పుడులో కాస్త తేడా వినిపించినా చేతిలో టీ గ్లాసు పక్కన పెట్టి లేచేది. మెట్లెక్కి పైకొస్తే, తువ్వాలు భుజాన వేసుకున్న రిటైరైన హెడ్మాస్టరు, "ఇవాళ నీళ్లెలా ఉన్నాయమ్మా?" అని అడిగేవారు. ఆ పలకరింపుతోనే ఆమెకు పొద్దు పొడిచేది.

ఆమె మరిది చేసుకున్న పిల్ల పెద్ద చదువులు చదివింది. పదేళ్లలో మున్సిపాలిటీ భవనాల్లో ఎక్కడా నూనె, బొగ్గు కాల్చకూడదని కౌన్సిల్ తీర్మానించి, ఆ ప్రణాళిక తయారు చేయడానికి ఒక అధికారిని తీసుకుంది. ఆ అధికారి స్వయానా ఈ తోడికోడలే.

ఇక ఇంట్లో అత్తగారిని పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. ఎవరొచ్చినా, "మా చిన్నకోడలు ఊరంతటికీ మంచి గాలి తెస్తోంది" అనేది.

"మరి పెద్దకోడలో?" అని ఎవరైనా అడిగితే, "అది కూడా మున్సిపాలిటీలోనే" అని ఊరుకునేది.

ఆ 'కూడా' అన్న మాట బాయిలరమ్మకు ముల్లులా గుచ్చుకునేది. ఒకే ఇల్లు, ఒకే వంటగది. చిన్నది కంప్యూటరు ముందు కూర్చుంటే అత్తగారు టీవీ చప్పుడు తగ్గించేది. తను రాత్రి పెందలాడే పడుకుంటే, ఎవరూ ఏ చప్పుడూ తగ్గించేవారు కాదు.

ఒకరోజు భోజనాల దగ్గర చిన్నకోడలు ఉత్సాహంగా చెప్పింది. "అక్కా, మొదట ఈతకొలనుతోనే మొదలుపెడుతున్నాం. పైకప్పు మీద సౌర పలకలు, వెనక హీట్ పంపులు. అవి బయట గాల్లోని వేడిని లాగి నీళ్లకు అందిస్తాయి. మీకింక ఆ మసి, ఆ వాసన ఉండవు."

"మంచిదే" అంది బాయిలరమ్మ. లోపల మాత్రం, ఇన్ని భవనాలుండగా దీనికి నా బాయిలరే దొరికిందా అనుకుంది.

మర్నాటి నుంచి మెల్లగా పుల్లలు వేయడం మొదలుపెట్టింది. "వచ్చే చలికాలం స్వెట్టరేసుకుని ఈదాలి మాస్టారూ. గాల్లోంచి వేడి తీస్తారట." మాస్టారు నలుగురికి చెప్పారు. వాళ్లంతా కౌన్సిల్ పెట్టిన బహిరంగ సభకు వెళ్లి గట్టిగా అడ్డుపడ్డారు. చివరికి, కొత్త యంత్రాలు పెట్టినా ఒక చలికాలం గడిచేదాకా బాయిలరును కదిలించకూడదని తేల్చారు.

చిన్నకోడలు ఆ సాయంత్రం మొహం వేలాడేసుకుని వచ్చింది. దాన్నలా చూస్తే బాయిలరమ్మకు ప్రాణం హాయిగా ఉండాల్సింది. కానీ నోరు ఆగలేదు.

"నా మీద కక్షతోనే కదా మొదట నా బాయిలరు రాశావు?"

చిన్నకోడలు తెల్లబోయింది. "కక్షేమిటక్కా? అన్నిటికన్నా ఎక్కువ పొగ అక్కడే వస్తోంది, అందుకని రాశాను. నిజం చెప్పాలంటే, అప్పుడు మీరు గుర్తుకే రాలేదు."

కక్ష అని ఉంటే సరిపోయేది. గుర్తుకే రాలేదట. ఆ మాట బాయిలరమ్మను వారం రోజులు తిండి తిననివ్వలేదు.

చలికాలానికి యంత్రాలు వచ్చాయి. నీళ్లు వెచ్చగానే ఉన్నాయి. "నూనె వాసన లేదమ్మా, హాయిగా ఉంది" అన్నారు మాస్టారు, సభలో అందరికన్నా గట్టిగా అరిచిన మనిషి. బాయిలరమ్మ కళ్లలో నిప్పులు పోసుకుంది.

ఒక ఉదయం ఆమె వచ్చేసరికి యంత్రాల మీద మంచు గడ్డకట్టి ఉంది. చెయ్యి పెట్టి చూస్తే నీళ్లు జిల్లుమన్నాయి. మొదట సంబరమనిపించింది. తర్వాత, ఇప్పుడు తెలుస్తుంది నా విలువ అనుకుని, కిందికి పరుగెత్తి బాయిలరు వెలిగించింది. జనం వచ్చేసరికి నీళ్లు వెచ్చబడ్డాయి.

మాస్టారు కొలనులోకి దిగుతూ, "ఇంత చలిలోనూ ఎంత వెచ్చగా ఉన్నాయో. మీ తోడికోడలు గట్టిదమ్మా" అన్నారు.

"అది నేను..." అనబోయింది ఆమె. ఆయన అప్పటికే నీళ్లలో తల ముంచేశారు.

మీటర్లు చూసిన చిన్నకోడలికి సంగతి తెలిసింది. కౌన్సిల్ సమావేశంలో నిలబడి చెప్పింది. "ఆ రోజు కొలనును కాపాడింది నా యంత్రాలు కాదు, మా అక్క. మంచు కరిగించే ఏర్పాటు నేను సరిగ్గా చూసుకోలేదు. తప్పు నాదే. ఇప్పుడు సరిచేయించాను."

వెనక కూర్చున్న బాయిలరమ్మ వైపు తిరిగి అందరూ చప్పట్లు కొట్టారు. ఆమెకు కళ్లు చెమర్చాయి కూడా. బయటికొచ్చాక వరండాలో వినిపించిన మాటలు మాత్రం వేరు. "ఆ పిల్ల ఎంత నిజాయతీపరురాలో చూశారా?" ఇంటికెళ్తే అత్తగారిదీ అదే పాట. చేసింది తను, మంచి పేరు దానికి.

ఎండలు ముదిరాక బాయిలరును ముక్కలుగా కోసి లారీలో ఎక్కించారు. కొత్త యంత్రాల బాధ్యత ఆమెకే ఇచ్చారు. చేతులకు మసి లేదు, దగ్గు తగ్గింది. నీళ్లెలా ఉన్నాయని అడిగేవాళ్లే లేరు. రోజూ ఒకేలా ఉండేదాన్ని ఎవరడుగుతారు?

ప్రణాళికలో తరువాతిది ఆస్పత్రి బట్టలుతికే విభాగం. "అక్కడి బాయిలరాయన నన్ను గడప తొక్కనివ్వడం లేదక్కా. మీరోసారి మాట్లాడతారా?" అని చిన్నకోడలు అడిగింది. తనను అవసరపడి అడగడం అదే మొదటిసారి. బాయిలరమ్మ బెట్టు చేయాలనుకుంది గానీ, ఆ మధ్యాహ్నమే వెళ్లింది.

"మీ తోడికోడలు పంపిందా?" అన్నాడాయన, లేవకుండానే.

"పంపింది."

"మీది పోయిందిగా. బాధ లేదూ?"

"ఎందుకు లేదు? ఆ పిల్లంటే కుళ్లు కూడా ఉంది. కానీ నీళ్లు వెచ్చగానే ఉన్నాయి, అబద్ధం చెప్పలేను. నా దగ్గు కూడా పోయింది."

ఆయన స్టూలు ముందుకు తోశాడు. ఆమె కూర్చుని, చిన్న అద్దం కిటికీలోంచి లోపలి మంటను చూసింది. ఇది ఇంకో ఏడాదైనా మండుతుంది, అదృష్టవంతుడు అనుకుంది.

సాయంత్రం చిన్నకోడలు గుమ్మంలోనే ఎదురొచ్చింది. "ఏమన్నాడక్కా?"

"వచ్చే వారం నిన్ను రమ్మన్నాడు. టీ పెట్టిస్తాడట" అని చెప్పి బాయిలరమ్మ చెప్పులు విప్పింది. తనకు మాత్రం ఉత్త స్టూలే.