టేపు కొస పట్టుకున్న పిన్ని

ఆ వీధిలో ఆవిణ్ణి పిన్ని అని పిలవనిది ఇద్దరే. ఒకరు ఆవిడ ఉంటున్న ఇంటి యజమాని, రెండోవాడు లైసెన్సుల ఆఫీసు నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టరు. మిగతా అందరికీ, బారెడు పొడుగున్న తండ్రులకీ వాళ్ళ చంకలోని పిల్లలకీ కూడా, ఆవిడ పిన్నే.

కింది వాటాలో ఒకే గది, దాని వెనక ఇరుకు వంటిల్లు. పొద్దున ఏడింటికి తలుపు తీసేది. సాయంత్రం తల్లులు ఒక్కొక్కరే పరుగెత్తుకుంటూ వస్తే, "మెల్లిగా రావే, నీ కొడుకునేం అమ్ముకోలేదులే. ఇవాళ నన్ను రెండుసార్లు కొరికాడు. ఆకలి కాదు, పన్నొస్తోంది" అని అప్పగించేది. అంతకుముందు పదకొండేళ్ళు చొక్కాల ఫ్యాక్టరీలో గుండీలు కుట్టింది. చూపు మందగించి పని మానేసిన వారానికి పక్కింటి కోడలు చంటివాణ్ణి ఒక్క పూట చూడమని వదిలివెళ్ళింది. ఆ ఒక్క పూట పంతొమ్మిదేళ్ళు సాగింది. ఫ్యాక్టరీ నుంచి ఆవిడకు మిగిలింది ఒక డబ్బాడు గుండీలు. ఏ పిల్ల తువ్వాలు ఏదో తెలియడానికి, మూలన ఒక్కో రంగు గుండీ కుట్టేది.

నీళ్ళ పరీక్షల ల్యాబులో పనిచేసే అమ్మాయి మొదటిసారి ఆ గదిలోకి వచ్చినప్పుడు చూసింది ఆ గుండీలనే.

"ఇవి ఊడితే పిల్లలు నోట్లో పెట్టుకుంటారు కదండీ?"

"లాగు," అంది పిన్ని. అమ్మాయి లాగింది. "ఇంకా లాగమ్మా, మొహమాటపడకు. నీ గోరూడాలి గాని అదూడదు."

ఊడలేదు.

అమ్మాయి అక్కడికి ఇష్టపడి రాలేదు. సెలవు ఇంకా మూడు వారాలే ఉంది. భర్త సిటీ బస్సు డ్రైవరు, ఏ వారం ఏ డ్యూటీయో ఆయనకే తెలియదు. పాపకి పదకొండు నెలలు. నడిచి వెళ్ళగలిగే దూరంలో లైసెన్సున్న శిశు కేంద్రాలు ఆరున్నాయి. ఆరింటికీ కాళ్ళరిగేలా తిరిగింది. ఒకచోట నలభై మంది వెయిటింగ్ లిస్టు. ఒకచోట రెండేళ్ళు నిండాలన్నారు. ఇంకోచోట మేడం కళ్ళజోడు పైనుంచి చూసి, "కడుపుతో ఉన్నప్పుడే పేరు రాయించుకోవాలమ్మా" అంది, రైలు వెళ్ళిపోయాక ప్లాట్‌ఫారం మీదికి వచ్చినవాళ్ళని చూసినట్టు.

"ఎదురు వీధిలో పిన్ని ఉందిగా," అన్నాడు భర్త. "మా కండక్టరు పిల్లలిద్దరూ అక్కడే పెరిగారు."

"ఆవిడకి లైసెన్సు లేదు."

"నాకుంది. పాపని బస్సులో పెట్టుకుని తిరగనా?"

అమ్మాయికి నవ్వు రాలేదు. ఆమె ల్యాబులో ప్రతి త్రాసుకీ ఒక చీటీ అంటించి ఉంటుంది, ఫలానా తేదీ వరకు దీన్ని నమ్మవచ్చని. చీటీ లేని త్రాసు ఎంత సరిగ్గా తూచినా ఆ అంకె రాయడానికి లేదు. పాపని చీటీ లేని చోట ఎలా వదలడం?

అయినా పిన్ని పని చూస్తూ ఉంటే మనసు కుదుటపడసాగింది. పిల్లల మెడ వెనక చెయ్యి వేసి ఒళ్ళెంత కాలుతోందో చెప్పేది. అమ్మాయి సంచిలోంచి థర్మామీటరు తీసి నలుగురు పిల్లల మీద సరిచూసింది. పిన్ని ఒక్కచోటా తప్పలేదు. "పరీక్ష ప్యాసయ్యానా, థర్మామీటరమ్మా?" అని నవ్వింది. అప్పటినుంచి అదే పేరు స్థిరపడింది.

మర్నాడు అమ్మాయి టేపు తెచ్చింది. పాప మంచం గోడవారన పడుతుందో లేదో చూడాలంది. "ఆగు, నువ్వొక్కదానివీ ఎలా కొలుస్తావు?" అంటూ పిన్ని మోకాళ్ళు పట్టుకుని వంగి, రెండో కొస గోడకు ఆనించి పట్టుకుంది. పొడవు పద్నాలుగడుగులు, వెడల్పు పన్నెండు. కిటికీ ఒకటి, తలుపు ఒకటి. మంచం పడుతుంది.

పాపని చేర్చే ముందు ఇంకొక్కటే మిగిలింది. లైసెన్సుల ఆఫీసుకి వెళ్ళి, ఈ చిరునామాకి లైసెన్సు తీసుకోవడమెలా అని అడగాలి. పిన్నికి సాయం చేసినట్టూ ఉంటుందనుకుంది.

"అడగడానికి ఫారం లేదమ్మా," అన్నాడు గుమాస్తా. "ఫిర్యాదుకైతే ఉంది."

"నాకే ఫిర్యాదూ లేదండీ. ఆవిడ చాలా మంచావిడ."

"మంచావిడైతే ఆ మాట ఆవిడకే చెప్పండి, సంతోషిస్తుంది." ఆయన ఫారం ముందుకు తోశాడు. "ఇదే నింపి, మీ ప్రశ్న చివర్లో రాయండి. తెలిసినవి రాసి మిగతావి వదిలేయండి."

వదిలేయడమే ఆమెకు చేతకాదు. ఎనిమిదేళ్ళుగా ల్యాబు రిజిస్టర్లు రాస్తున్న మనిషి. అక్కడ ఖాళీ గడి కనిపిస్తే ఆ రోజు పనంతా మళ్ళీ మొదటికి వస్తుంది. అందుకని పిల్లల సంఖ్య అన్నచోట తొమ్మిది అని రాసింది. గది కొలతలు అన్నచోట కొలతలు, రెండో ద్వారం అన్నచోట లేదు, మంటలార్పే పరికరం అన్నచోట కనబడలేదు, సంరక్షకురాలి చదువు అన్నచోట ఏడో తరగతి. చివర్న, 'ఈవిడ లైసెన్సు తీసుకోవడానికి ఏం చేయాలో తెలుపగలరు' అని గుండ్రంగా రాసి, సంతకం పెట్టి, తేలిక పడిన గుండెతో ఇంటికి వచ్చింది.

పాప పిన్ని దగ్గర చేరింది. ఆకుపచ్చ గుండీ వచ్చింది. అమ్మాయి ల్యాబులో మొదటి వారమంతా గంటకోసారి ఫోను చేసేది. "నీ కూతురు నిద్రపోతోంది, నువ్వే లేపుతున్నావు" అని పిన్ని కసిరేది. రెండో వారం ఫోన్లు రోజుకి రెండయ్యాయి.

మూడో వారం సోమవారం పొద్దున పాపని దించుతుండగా ఇన్‌స్పెక్టరు వచ్చాడు. గుమ్మంలో నిలబడి కాగితం చదివాడు. పన్నెండు బై పద్నాలుగు. తలుపు ఒకటి. పిల్లలు తొమ్మండుగురు. చదవడం అయ్యాక మెచ్చుకోలుగా తలూపాడు.

"ఇంత శ్రద్ధగా రాసిన ఫిర్యాదు నా సర్వీసులో చూడలేదండీ. ఒక్క గడి కూడా ఖాళీ లేదు."

 పిన్ని గోడవారన పాప మంచం వైపు చూసి, తర్వాత అమ్మాయి వైపు చూసింది.

"టేపు కొస నేనే పట్టుకున్నాను కదమ్మా," అంది పిన్ని, అమ్మాయికి మాత్రమే వినపడేలా.

మధ్యాహ్నానికి తలుపు మీద మూసివేత నోటీసు పడింది. అమ్మాయి ఆఫీసుకి పరుగెత్తింది. వెనక్కి తీసుకోవడానికి ఫారం లేదన్నాడు గుమాస్తా. లైసెన్సు కావాలంటే రెండో ద్వారం ఉండాలి, పదో తరగతి ప్యాసై ఉండాలి. గోడ పగలగొడితే ఇల్లే ఖాళీ చేయమన్నాడు యజమాని. పదో తరగతి సంగతి ఎవరూ ఎత్తలేదు.

వీధి అల్లకల్లోలమైంది. పై వాటాలో ఉండే కుట్టుపని అక్కకి కవలలు; వాళ్ళని చూసేవాళ్ళు లేరు గనక షాపు పని వదులుకుంది. "ఎవరు రాశారో గాని వాళ్ళ చేతులు పడిపోను," అని మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. అమ్మాయి ఆమె వీపు నిమురుతూ, అవును అన్నట్టు తలూపింది. పిన్నిని ఎంతమంది అడిగినా, "ఎవరో తెలియదే, వదిలేయండి" అందట. ఆ మాట విన్న రోజు అమ్మాయికి అన్నం సహించలేదు. పిన్ని నలుగురిలో నిలబెట్టి తిట్టిపోసినా ఇంతకంటే నయంగా ఉండేది.

పది రోజులకి కళ్ళజోడు మేడం నుంచి ఫోను వచ్చింది. మూతపడిన చోటి పిల్లలకి లైసెన్సున్న కేంద్రాల్లో ముందు సీటివ్వాలని నియమం ఉందట. ఒకే ఒక్క సీటుంది. ఫిర్యాదు చేసినవాళ్ళ పేరే కాగితంలో మొదట ఉంది.

అమ్మాయి తీసుకుంది. తీసుకోకపోతే ఉద్యోగం పోతుంది.

ఆ కేంద్రంలో రెండు ద్వారాలున్నాయి, మంటలార్పే ఎర్ర సిలిండరు ఉంది, గోడ మీద అద్దంలో లైసెన్సు ఉంది. అమ్మాయి మొదటిరోజే తేదీ చూసుకుంది. పాప తువ్వాలు మీద గుండీ లేదు, పదిహేడు అనే అంకె ఉంది. ఒంటికి జ్వరం తగిలితే థర్మామీటరుతో చూసి, తల్లిని వచ్చి తీసుకెళ్ళమనేవాళ్ళు. తప్పు పట్టడానికి ఏమీ లేదు. పాప పొద్దున్నే చెప్పులు కనిపిస్తే ఏడుపు లంకించుకునేది.

మూడు నెలలయ్యాక ఒక పొద్దున, కేంద్రం వరండాలో నేల తుడుస్తూ పిన్ని కనిపించింది. నీలం కోటు, చేతిలో తడిగుడ్డ. తుడిచే పనికి పదో తరగతి అడగరు.

నడక వచ్చిన పాప తల్లి వేలు వదిలించుకుని పరుగెత్తి, రెండు చేతులతో ఆవిడ మోకాళ్ళు చుట్టేసుకుంది. పిన్ని చేతులు రెండూ గాల్లోకి ఎత్తేసింది, పోలీసుల ముందు నిలబడినట్టు. గుడ్డలోంచి నీళ్ళు మోచేతి మీదుగా కారుతున్నాయి.

"వద్దు బంగారం. నేను ముట్టుకోకూడదు."

మేడం పరుగున వచ్చి పాపని విడదీసింది. తర్వాత కాగితం తెచ్చింది. పనివాళ్ళు పిల్లలకి తగిలితే ఇది రాయాలంది. "తెలిసినావిడా? తెలిసినవాళ్ళయితే మాత్రం ఇక్కడ పనిలో ఉంచకూడదండీ. రూలు."

తేదీ, సమయం, చోటు రాసింది అమ్మాయి. 'ఆ వ్యక్తి బిడ్డకు ఏమవుతారు?' అన్న గడి దగ్గర కలం ఆగిపోయింది. లోపల పాప గుక్కపట్టి ఏడుస్తోంది.

పిన్ని తల ఎత్తలేదు. పాప నిలబడ్డ చోటే మళ్ళీ మళ్ళీ తుడుస్తూ అంది:

"ఏమీ కానని రాయమ్మా, థర్మామీటరమ్మా. గడి ఖాళీగా ఉంచకు."

అమ్మాయి రాసింది.