మీ జీతమెంత?

కార్డిఫ్ వెళ్లే రైల్లో నా ఎదుటి సీట్లో కూర్చున్న హంగరీ అమ్మాయి నోట్‌బుక్కు చూసి ఏదో బట్టీ పడుతోంది. ఒకవైపు ఇంగ్లీషు, మరోవైపు వాళ్ల భాష. అన్నీ డబ్బు గురించిన మాటలే. తను ముసలివాళ్లను చూసుకునే కేర్ హోమ్‌లో పనిచేస్తోందట. సోమవారం మేనేజర్‌ని జీతం పెంచమని అడగాలట.

ఉన్నట్టుండి తలెత్తి, "మీ జీతమెంత?" అంది.

నేను ఇంగ్లండు వచ్చి అప్పటికి మూడేళ్లు. వాట్‌ఫర్డ్ ఆఫీసులో నా పక్క సీటాయన కుక్క పేరు తెలుసుగాని, ఆయన జీతం తెలియదు. అక్కడ అడగకూడదు. మా నెల్లూరు బస్సుల్లో పక్కవాళ్లు పేరుకన్నా ముందు అదే అడుగుతారు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఉన్నదున్నట్టు చెప్పేశాను.

"థాంక్యూ. మా కేర్ హోమ్‌లో జీతం సంగతి ఎత్తితే అందరూ వాన గురించి మాట్లాడతారు," అంది.

"నేనే మీ మేనేజర్ననుకోండి. అడగండి."

మొదటిసారి "సారీ" అంటూ మొదలుపెట్టింది. అది తీసేయమన్నాను. నాలుగోసారికి నా కళ్లలోకి చూస్తూ, "నేను చేసే పనికి ఈ జీతం తక్కువ. పెంచండి," అంది.

"పెంచాను," అన్నాను. ఇద్దరం నవ్వాం.

"మీరు మీ మేనేజర్‌ని ఎలా అడిగారు?" అంది.

నేను కిటికీలోంచి బయటికి చూసి, వాన పడేలా ఉందన్నాను.