పాత నూనె తెచ్చినవా?

మొన్న స్కూటర్‌ను సర్వీసింగుకు ఇచ్చి పక్కనే నిలబడ్డాను. మెకానిక్ ఇంజన్ కింది బోల్టు విప్పగానే వేడి నల్ల నూనె ధారగా ట్రేలో పడింది. ఆ కాలిన వాసన ముక్కుకు తగిలిందో లేదో, నా చేయి దానంతటదే పోయి అందులో వేలు ముంచింది. బొటనవేలితో రుద్ది ఎండకు పట్టి చూస్తుంటే అతను నవ్వాడు. "ఏంది సార్, కూరల ఉప్పు చూసినట్టు చూస్తుండ్రు?" అన్నాడు. ఏం చెప్పను? బాన్సువాడలో లచ్చవ్వ అని ఒకామె ఉండేదని, ఆమె అంటించిన ఈ పాడు అలవాటు ఇన్నేళ్లయినా వదలలేదని చెబితే అతనికేం అర్థమవుతుంది? నాకే ఇంకా సరిగ్గా అర్థం కాలేదు.

బస్టాండు నుంచి బిచ్కుంద పోయే దారిలో లచ్చవ్వకు ఒక మడిగె ఉండేది. ట్రాక్టర్లకు, జీపులకు, మోటార్లకు పోసే ఇంజన్ నూనెలు అమ్మేది. భర్త పోయాక ఆమే గల్లా ముందు కూర్చుంది. చదువు రాదు, డబ్బాల రంగును బట్టి ఏ నూనో గుర్తుపట్టేది. ఆమెతో ఉన్న చిక్కల్లా ఒకటే. ఒకరోజు నా ముందే బీర్కూర్ రైతు ఒకాయన వచ్చి ట్రాక్టర్‌కు నూనె కావాలన్నాడు. "పాత నూనె తెచ్చినవా?" అంది. "కొత్తది కొననీకి వస్తే పాతదెందుకవ్వా?" అన్నాడు ఆయన. "దవాఖానకు పోయి నాడి చూపియ్యకుంటనే మందియ్యమంటవా? పో, సీసల పట్టుకరాపో!" ఆయన గొణుక్కుంటూ పోయాడు, మర్నాడు సీసాతో వచ్చాడు. ఆ నూనెను తెల్ల పింగాణీ గిన్నెలో పోసి, ఎండలో తిప్పి తిప్పి చూసి, అప్పుడు గానీ డబ్బా కిందికి దించలేదు. అలాంటి సీసాలు ఆమె వెనక అల్మారా నిండా ఉండేవి. ఒక్కోదాని మెడకు ఒక్కో రంగు దారం. దారం చూసి ఏ ఊరి ఎవరి బండిదో చెప్పేది. గిరాకీని ఇలా తరిమితే ఈమె బతికేదెట్లా అని నేను నవ్వుకునేవాణ్ణి. అప్పుడు నా చేతిలో మెకానికల్ డిప్లొమా ఉంది మరి, తలకెక్కిన పొగరు కూడా ఉంది.

తొంభయ్యో దశకం చివర్లో సుధాకర్ బావకు, అంటే మా అక్క భర్తకు, కారు రేసుల పిచ్చి పట్టింది. బీర్కూర్‌లో చెరుకు పండించే మనిషికి ఇదేం పిచ్చని ఊరంతా నవ్వింది. ఒక పాత చిన్న కారు కొని, సీట్లు పీకేసి, లోపల ఇనుప పైపులు వెల్డింగ్ చేయించాడు. రెండు పందేలు ఓడాక అక్క తెగేసి చెప్పింది. "ఇదే ఆఖరు. ఈసారి ఇంజన్ పోయిందా, ఇగ కారు ముచ్చట ఇంట్ల ఎత్తద్దు." బావ ఆశంతా ఆ ఇంజన్ మీదే. దాన్ని పూర్తిగా విప్పి, కొత్త బేరింగులు వేసి బిగించింది నేను. ఏ నూనె పోయాలో తేల్చాల్సిందీ నేనే.

అక్కడే నా బుర్ర తిరిగిపోయింది. రేసు ఇంజన్‌కు పలుచటి నూనే మేలని పుస్తకంలో ఉంది. అంత వేడికి పలుచటిది నీళ్లయిపోతుంది, చిక్కటి నలభై నంబరే పోయాలని బోధన్ మెకానిక్ వాదించాడు. ఒక ముసలి జీపు డ్రైవరైతే, "అసలు రేసు కార్లకు ఆముదం పోస్తరు తమ్మీ!" అన్నాడు. ఎగతాళి చేస్తున్నాడని కొట్టబోయాను. తర్వాత ఇంకో పుస్తకం తిరగేస్తే, పూర్వం రేసుల్లో నిజంగానే ఆముదం పోసేవాళ్లట! ఇక ఎవరి మాట నమ్మాలో తెలియక చివరికి లచ్చవ్వ దగ్గరికే పోయాను. ఆమె ఏమడిగిందో వేరే చెప్పాలా? "కొత్తగ కట్టిన ఇంజన్ అవ్వా, పాత నూనె యాడికెళ్లి వస్తది?" అని అరిచాను. "నడిపి తే," అంది.

తిట్టుకుంటూనే మామూలు నూనె పోసి, నాలుగు రోజులు రుద్రూర్ దాకా కారు తిప్పాం. దించిన నూనెను సీసాలో పట్టుకుపోయాను. లచ్చవ్వ గిన్నెలో పోసి, పాత రేడియోలోంచి తీసిన అయస్కాంతం అందులో ముంచింది. దానికి సన్నని నల్లపొడి అంటుకుంది. "కొత్త ఇంజన్ అరుగుడు మొదట్ల ఉంటది, గది మామూలే," అంది. తర్వాత గిన్నెను ఎండలో వంచింది. అడుగున చేప పొలుసుల్లాంటి తునకలు తళుక్కుమన్నాయి. వాటిని అయస్కాంతం ముట్టుకోలేదు. అంటే ఇనుము కాదు, నేను వేసిన బేరింగుల లోహం. లోపల ఏదో వంకరగా కూర్చుని, పొరలు పొరలుగా లేస్తోంది. "గిది నూనెతోని పోయే రోగం గాదు కొడుకా. ఏ డబ్బా ఇయ్యను. ఇంజన్ ఇప్పు," అంది.

పందేనికి మిగిలింది వారం. విప్పితే పోలేం. విప్పితే నా పనితనం బయటపడుతుంది. బావకు చెప్పాలి కదా? చెప్పలేదు. నిజామాబాద్ పోయి, ఉన్నవాటిలో చిక్కటి నూనె కొనుక్కొచ్చి పోశాను. భయంతో చెప్పలేదా, పొగరుతో చెప్పలేదా, చదువురాని ముసలమ్మకేం తెలుసని నిజంగానే అనుకున్నానా, ఇప్పటికీ తేల్చుకోలేను. ఒక్కోరోజు ఒక్కోటి నిజమనిపిస్తుంది.

మద్రాసు దగ్గరి ట్రాక్ మీద మూడో రౌండులో ఇంజన్ బిగుసుకుపోయింది. కారు గిర్రున తిరిగి పక్కన పేర్చిన టైర్లను గుద్దింది. బావ ఎడమ భుజం విరిగింది. దవాఖాన మంచం మీద ఆయన నాతో అన్న మొదటి మాట, "నూనె తప్పు గాదు బామ్మర్దీ, నేనే ఎక్కువ తొక్కిన." నాకు ఏడుపు ముంచుకొచ్చింది. అప్పుడూ ఆ తునకల సంగతి చెప్పలేదు.

ఊరికి రాగానే లచ్చవ్వ మీద విరుచుకుపడ్డాను. "నువ్వు గట్టిగ చెప్తే నేను ఆగకపోదునా?" ఆమె నా ముఖంలోకి చూసింది. "నూనె అమ్ముకునేదాన్ని, నూనె అమ్మనన్న. ఇంకెంత గట్టిగ చెప్పాలె?" అని చాయ్ తెప్పించింది. ఆ తర్వాత ఏడేళ్లపాటు ఆదివారాలు ఆ మడిగెలోనే గడిపాను. నూనె చూడటం ఆమె నేర్పింది, తిట్లు తినడం నేను నేర్చుకున్నాను.

రెండు వేల ఐదో ఆరో, లచ్చవ్వ పోయింది. దినం నాడు ఆమె బిడ్డ నన్ను పిలిచి, ఎర్రదారం కట్టిన సీసా చేతిలో పెట్టింది. "నీకిమ్మని చెప్పింది అన్నా." తిరిగి వచ్చేటప్పుడు బస్సులో బావ నా పక్కనే ఉన్నాడు. సీసాను చూసి, "మన ఇంజన్‌ది గదా?" అన్నాడు.

"నీకెట్ల తెలుసు బావా?"

"పందానికి ముందు అవ్వ పిలిచి సూపెట్టింది. ఇంజన్ ఇప్పియ్యి అన్నది."

"మరెందుకు పోయినవ్?"

ఆయన కిటికీలోంచి వరి మళ్లు చూస్తూ అన్నాడు. "నువ్వేమన్న అంటవేమోనని మూడు దినాలు సూసిన. నువ్వేమనలే. ఇంజన్ కట్టినోడివి, చదువుకున్నోడివి. అవ్వకంటె నీకే ఎరుక అనుకున్న."

కోపంగా అన్నా బాగుండేది. మామూలుగా అన్నాడు.

బావ ఎడమ చేయి ఈ రోజుకీ భుజం దాటి పైకి లేవదు. స్కూటర్ తెచ్చుకున్న సాయంత్రమే ఆయన ఫోన్ చేశాడు. కొత్త ట్రాక్టర్‌కు ఏ నూనె పోయాలని అడిగాడు. పాత నూనె తెచ్చినవా అన్నాను, అలవాటుగా. నవ్వాడు.

"సీసల పట్టిన, పొద్దున వస్తున్న," అన్నాడు. "గీసారి ఏం కనవడ్డా చెప్పు బామ్మర్దీ."