తాతయ్య తప్పిపోయిన సాయంత్రం

మా తాతయ్యకు చెవిలో అరిస్తే తప్ప వినపడదన్న సంగతి నా చిన్నప్పుడు మా ఊళ్ళో అందరికీ తెలుసు. రాజమండ్రిలో మాత్రం ఎవరికీ తెలియదు. ఆ తేడా ఎంత పెద్దదో నాకు అక్కడ జరిగిన కబడ్డీ ఫైనల్ రోజున తెలిసింది. అప్పుడు నేను మూడో తరగతి. రెండో తరగతి అని మా తమ్ముడు ఇప్పటికీ వాదిస్తాడు కానీ, వాడి మాట తప్పు.

ఆటస్థలానికి ఒక వైపు సిమెంటు మెట్లు, మిగతా వైపులా సర్వి కర్రలతో కట్టిన గ్యాలరీలు ఉండేవి. మా తాలూకా జట్టు ఫైనల్‌కి వచ్చిందని తాతయ్య నన్ను వెంటబెట్టుకుని మధ్యాహ్నం బస్సులో బయల్దేరారు. కూత వినపడకపోయినా ఫర్వాలేదు, ఆటంతా కాళ్ళలోనే ఉంటుంది అనేవారు ఆయన.

గేటు దాటేదాకా నా చెయ్యి పట్టుకునే ఉన్నారు. సరిగ్గా అప్పుడే జట్లు లోపలికి వచ్చాయి. వెనకనుంచి జనం ఒక్కసారిగా తోసుకొచ్చారు. తేరుకునేసరికి నా చుట్టూ పంచెలు, మోకాళ్ళు తప్ప ఏమీ లేవు. "తాతయ్యా!" అని అరిచాను. అరిచాక, ఆయనకు వినపడదు కదా అని గుర్తొచ్చి ఏడుపు మొదలుపెట్టాను. ఆట అయిపోతే ఇంత జనమూ తలో గేటులోంచీ వెళ్ళిపోతారు. ఆయన ఏ గేటు దగ్గర వెతుకుతారో, నేను ఏ గేటు దగ్గర నిలబడాలో నాకు ఎంత ఆలోచించినా తేలలేదు.

వేరుశనక్కాయలు అమ్మే ఒకావిడ నన్ను మైకు బల్ల దగ్గరికి తీసుకెళ్ళింది. మైకులో ఆట గురించి చెబుతున్న పెద్దాయనకు వెక్కుతూనే అన్నీ చెప్పాను. తాతయ్య ఎలా ఉంటారో, ఏం వేసుకున్నారో, చెవులు వినపడవన్న సంగతీ. ఆయన నన్ను ఏడవొద్దని అనలేదు. నా మొహం చూసి, మైకు తన దగ్గరికి లాక్కున్నారు.

"ప్రేక్షక మహాశయులకు మనవి. ఒక తాతగారు తప్పిపోయారండి. వారి మనవరాలు ఇక్కడ కంగారు పడుతున్నారు. తాతగారికి చెవులు వినపడవు కాబట్టి మీ పక్కన ఎవరున్నారో మీరే కాస్త చూడాలి. మనిషి మంచి పొడుగు..."

"పొడుగు కాదండీ!" అన్నాను. నా గొంతు మైకులో పడి మైదానమంతా మోగింది.

"పొట్టి అంటున్నారండి పాపగారు. భుజాన ఎర్ర కండువా..."

"కండువా కాదు, తువ్వాలు! ఆకుపచ్చ చారలు!"

"ఒత్తయిన జుట్టు..."

"అసలు జుట్టే లేదండీ!"

గ్యాలరీలన్నీ గొల్లున నవ్వాయి. "ఒరే బావా, నిన్నేరా! లేచి నిలబడు!" అని ఎవరో ఒక బట్టతలాయన్ని ఆటపట్టించారు.

నాకు ఒళ్ళు మండింది. ఇప్పుడే చెప్పిన మాటలు ఇంత పెద్దాయనకు గుర్తుండవా? కళ్ళు తుడుచుకుని, మైకు నా వైపు తిప్పుకుని, మొదటినుంచీ నేనే చెప్పాను. ఎత్తు, తువ్వాలు, బట్టతల, ఎడమ చెవి కింద పులిపిరి, కిర్రు చెప్పులు.

"ఇక్కడున్నారండోయ్! పులిపిరి కూడా ఉంది!" అని అవతలి గేటు వైపు నుంచి కేక వినిపించింది. అక్కడ ఒక్కొక్క పిల్ల మొహంలోకీ వంగి చూసుకుంటూ తిరుగుతున్నారట తాతయ్య. నలుగురు కుర్రాళ్ళు దారి చేసి తీసుకొచ్చారు. నన్ను చూడగానే ఆయన ఎత్తుకున్నారు.

ఇక మైకు పెద్దాయన తాతయ్య చెవి దగ్గర నోరు పెట్టి గట్టిగా అరిచారు. "మీ మనవరాలు ముందే అన్నీ సరిగ్గా చెప్పిందండీ! ఏడుపు ఆగుతుందని నేనే కావాలని తప్పులు చెప్పానండీ!"

అది నాకు తెలియనివ్వకూడని మాటే. కానీ మా తాతయ్యకు రహస్యం చెప్పాలంటే అంత గట్టిగానూ చెప్పాలి కాబట్టి నాకూ వినపడింది. తాతయ్య పకపకా నవ్వారు. నేను మాత్రం తెలిసి తెలిసి తప్పు చెప్పడమేంటని బస్సులో చాలా దూరం మూతి ముడుచుకుని కూర్చున్నాను. "పొడుగు కాదండీ" అన్న తరవాత మళ్ళీ ఏడవలేదన్న సంగతి ఇల్లు చేరే ముందు తట్టింది.

నా ఉద్యోగమంతా లెక్కలతోనే గడిచింది. తేదీలో ఒక్క అంకె తేడా వచ్చినా ఇంట్లో ఎవరినీ ఊరుకోనివ్వను. అలాంటిదాన్ని, మొన్న ఆస్పత్రి వరండాలో ఏం చేశానో చెబుతాను. భర్తను ఆపరేషన్‌కి లోపలికి తీసుకెళ్ళారట, ఒకమ్మాయి గోడకి ఆనుకుని వణుకుతోంది. పక్కన కూర్చుని వివరాలు అడిగాను. సామర్లకోట అంది. మిల్లులో ఫిట్టరు అంది. ఆపై మళ్ళీ ఆపరేషన్ గది తలుపు వైపు తిరిగిపోయింది.

"అయితే మీ ఆయన పోలవరంలో డ్రైవరన్నమాట" అన్నాను.

ఆ అమ్మాయి నా వైపు తిరిగింది. "కాదండీ మామ్మగారూ, సామర్లకోటండి. డ్రైవరు కాదండి, ఫిట్టరు. బండి నడపడమే రాదండి ఆయనకి" అంటూ మొదలుపెట్టింది. తలుపు తెరుచుకునేదాకా నేను ఒకటి తరవాత ఒకటి తప్పు చెబుతూనే ఉన్నాను. ఆ పిల్ల ఓపిగ్గా అన్నిటినీ దిద్దింది.