ఆ మూల గాలికి వదిలెయ్

మా డ్రాయింగ్ టీచరుగారు పోయారు. మొన్న ఉదయం వాళ్ల తమ్ముడి కూతురు ఫోన్ చేసినప్పుడు, ఆవిడ నేర్పుతున్న బొమ్మకే రంగు వేస్తున్నాను. "అక్కా, మా అత్త లేదక్కా" అంది. కుంచె ఎక్కడ పెట్టాలో కూడా తోచలేదు.

వాకాడులో జాకెట్లు కుట్టుకునే నాకు ఈ వయసులో ఆయిల్ పెయింటింగ్ ఏమిటని నవ్వినవాళ్లే ఎక్కువ. ఆవిడ నవ్వలేదు. ఆదివారం చర్చి నుంచి నేరుగా మా ఇంటికి వచ్చి, నా రెండు మడత స్టూళ్లు పక్కపక్కన వేసేవారు. ఎప్పుడో సముద్రం ఒడ్డున కూర్చుని తాను వేసిన పడవల బొమ్మ ముందు పెట్టి, "ఇది చూసి ఇట్టానే వెయ్యి. సొంతంగా తర్వాత వేద్దువుగానీ" అన్నారు. అందులో రంగు గోడకు సిమెంటు మెత్తినంత మందం. కళ్లు మూసుకుని వేలితో తడమమనేవారు. "ముందు చేతికి తెలియాలమే."

కింది మూలలో ఇసుక దగ్గర సన్నని గరుకు చుక్కలు ఉన్నాయి. ఆది జాకెట్టు చూసి అచ్చం అలాగే కుట్టే అలవాటు కదా, ఒక్క చుక్కా వదల్లేదు. వారాల తరబడి కూర్చుని దించాను. చూసి ఆవిడ ఒకటే నవ్వు, దగ్గు వచ్చేదాకా.

"ఏందిమే, ఇవన్నీ కూర్చోని వేసినావా? అది ఇసకమే! రంగు ఆరకముందే గాలికొచ్చి అతుక్కునింది. నేను వేసింది కాదు."

నా మొహం చూసి మళ్లీ ఆవిడే జాలిపడ్డారు. కత్తితో నా బొమ్మలో ఆ మూల గీకేసి, "ఇది గాలికి వదిలెయ్. నా ఆయాసం తగ్గనీ, ఇద్దరం ఒడ్డుకు పోదాం. పచ్చి రంగు పూసి పెడితే అదే వేస్తాది" అన్నారు.

ఆయాసం తగ్గలేదు. వచ్చే ఆదివారం, వచ్చే ఆదివారం అంటూనే వెళ్లిపోయారు. మాట ఇచ్చి అలా ఎలా పోతారు? ఏడుపుతో పాటు కోపం కూడా వస్తోంది నాకు.

సమాధి చేసిన మర్నాడు నా బొమ్మ తీసుకుని ఒడ్డుకు వెళ్లాను. ఆ మూల రంగు మందంగా పూసి గాలికి ఎదురుగా పెట్టాను. కాసేపటికి ఒక్కో రేణువూ వచ్చి అంటుకుంది, అచ్చం ఆవిడ బొమ్మలోలాగే. సంతోషం పట్టలేక "టీచరుగారూ, చూడండి!" అంటూ పక్కకు తిరిగాను.

అలవాటు కొద్దీ రెండు స్టూళ్లూ తెచ్చుకున్నాను. రెండోదాని మీద ఇసుక పేరుకుంటోంది.